వానలో కిందకి దిగకుండా పరవగలిగే మంచం

అందరికీ నమస్కారం అండి. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, ఫ్యాన్ కాస్త తగ్గిద్దాం. ఆదివారం పూట పనులు మానుకుని ఇంతమంది వచ్చారు, నాకు నిజంగా సంతోషంగా ఉంది. ఎందుకంటే నాలుగేళ్ల కిందట నేను నా వ్యాన్‌లో మంచం చేసుకుంటున్నప్పుడు, ఈ రావులపాలెం చుట్టుపక్కల ఈ పని తెలిసినవాళ్లు ఒక్కరు కూడా నాకు దొరకలేదు.

నేను వడ్రంగిని. మా నాన్నగారూ వడ్రంగే. తలుపులు, గుమ్మాలు, పట్టె మంచాలు చేసేవారు. మంచం అంటే కోళ్లు నాలుగు, పట్టెలు నాలుగు, వాటి మధ్య నులకో నవారో, అంతే కదా అనుకునే ఇంట్లో పుట్టాను. అమ్మకి మోకాళ్లు అరిగిపోయాక బస్సు మెట్లు ఎక్కలేకపోయింది, రైల్లో పై బెర్తు వస్తే టెన్షన్, కింద బెర్తు వచ్చినా ఆ ప్లాట్‌ఫాం నడక టెన్షన్. అందుకని ఒక పాత పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సీట్లు తీసి, పడుకునేలా చేసి, అమ్మనీ నాన్ననీ తిప్పాలని. ఇప్పుడు 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి చాలామంది అదే ఆలోచనలో ఉన్నారు. నెలకి ఇద్దరు ముగ్గురు నా దగ్గరకి వస్తున్నారు.

వచ్చిన ప్రతివాళ్లూ ముందు ఫోన్ తీసి ఒక ఫోటో చూపిస్తారు. తెల్లటి దుప్పటి, నాలుగు దిళ్లు, వెనక తలుపులు తెరిచి ఉంటే ఎదురుగా సముద్రం. ఇలాంటి మంచం కావాలండి అంటారు. నేను వాళ్లని అడిగేది ఒక్కటే. ఇదే మంచం మడిచిపెట్టి ఉన్న ఫోటో ఉందా? రాత్రి పదింటికి, వాన పడుతుండగా, లోపల నలుగురు మనుషులు, ఆరు సంచులు, ఒక నీళ్ల డబ్బా ఉన్నప్పుడు దీన్ని ఎలా పరుస్తారో ఆ వీడియో ఉందా? ఉండదండి. పరిచాక ఏ మంచమైనా బాగుంటుంది. పగటి వ్యాన్‌ని రాత్రి వ్యాన్‌గా మార్చే ఆ రెండు నిమిషాలు ఎలా గడుస్తాయి అన్నదాన్ని బట్టి మంచం ఎంచుకోవాలి. ఈ రోజు నేను చెప్పేదంతా దాని చుట్టూనే.

ఇది నాకు అంతర్వేదిలో తెలిసింది. కార్తీక మాసం. నరసాపురంలో వ్యాన్‌ని పంటు ఎక్కించి వశిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లి రేవులో దిగి అంతర్వేది వెళ్లాం. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యేసరికి మబ్బు పట్టింది. సాగర సంగమం దగ్గర రాత్రికి ఆగాం. అప్పుడు నా వ్యాన్‌లో ఉన్నది ఎదురెదురు బెంచీలు, మధ్యలో టేబుల్. రాత్రికి టేబుల్ పలకని బెంచీల ఎత్తుకి దించి, వీపు దిండ్లు మధ్యలో పేరిస్తే మంచం అవుతుంది. విదేశాల్లో క్యాంపర్ వ్యాన్లలో చాలా మామూలుగా కనిపించే పద్ధతి ఇది. పని కూడా సులువని మొదట నేను అదే చేశాను. కానీ టేబుల్ దించాలంటే దాని కింద పెట్టిన సంచులు తియ్యాలి, సంచులు పెట్టడానికి బెంచీల మీద తప్ప చోటు లేదు, బెంచీల మీద పెడితే దిండ్లు తియ్యడానికి లేదు. ఇంక మనుషులు కిందకి దిగాల్సిందే. దిగేసరికి వాన అందుకుంది. నాన్నగారు గొడుగు పట్టుకుని ఇసకలో నిలబడ్డారు, అమ్మని డ్రైవర్ పక్క సీట్లో కూర్చోబెట్టాను, నేను ఒక్కో సంచీ తీసి స్టీరింగ్ మీదా డ్యాష్‌బోర్డు మీదా పెట్టుకుంటూ వచ్చాను. మంచం తయారయ్యేసరికి ఇరవై అయిదు నిమిషాలు. పరుపులో సగం తడిసింది. అమ్మ ఏమీ అనలేదు, తడి లేని వైపు నాన్నగారిని పడుకోమంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఇంటికొచ్చి ఆ బెంచీలు విప్పేశాను.

ఇప్పుడు కొలతల సంగతి. టేపు తీసుకుని వ్యాన్ కొలిచేస్తాం అందరం. ముందు మనుషుల్ని కొలవండి. ఇంట్లో అందరికన్నా పొడుగు ఎవరు, అందరికన్నా ఇబ్బంది పడేది ఎవరు, ఆ ఇద్దర్నీ చూసుకుంటే చాలు. పొడుగు మనిషి ఎత్తుకి నాలుగు అంగుళాలు కలపండి, అది పరుపు పొడవు. ఇబ్బంది పడే మనిషిని తీసుకెళ్లి వాళ్లకి సుఖంగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవండి. పెద్దవాళ్లకి సాధారణంగా పదిహేడు, పద్దెనిమిది అంగుళాలు వస్తుంది. పరుపు మీద మనిషి కూర్చుని అది నొక్కుకున్నాక ఉండాల్సిన ఎత్తు అది. అంతకన్నా కిందుంటే మోకాళ్ల నొప్పులవాళ్లు లేవలేరు, మరీ పైనుంటే పాదాలు నేలకి ఆనవు, తొడ కింద కోసుకుపోతుంది. ఇంకోటి, మంచం మీద తిన్నగా కూర్చుంటే తల పైకప్పుకి తగలకూడదు. పరుపు పైనుంచి మూడు అడుగుల పైచిలుకు ఖాళీ ఉండాలి. కింద సామాను పెట్టుకోవచ్చని మంచం ఎత్తు పెంచేసి, రాత్రంతా వంగి కూర్చునే వ్యాన్లు చూశాను నేను.

ఆ తర్వాత వ్యాన్. వ్యాన్ గోడలు మన ఇంటి గోడల్లా నిలువుగా ఉండవు, పైకి వెళ్లేకొద్దీ లోపలికి వంగుతాయి. అందుకని మంచం వచ్చే ఎత్తు దగ్గర ఒక కొలత, ఒక అడుగు పైన ఒకటి, నేల మీద ఒకటి, మూడూ తీసుకోండి. చక్రాల మీద లోపలికి పొడుచుకొచ్చిన గుబ్బలు ఉంటాయి, వాటి ఎత్తూ పొడవూ వెడల్పూ రాసుకోండి. వేడి రాకుండా లోపల థర్మాకోలో ఫోమో వేసి పైన ప్లైవుడ్ కొడితే ఒక్కో పక్కా ఒక అంగుళం నుంచి రెండంగుళాలు పోతుంది, ఆ పని అయ్యాకే మంచానికి కొలవండి. ట్రావెలర్ బయటి వెడల్పే దాదాపు రెండు మీటర్లు. లోపల లైనింగ్ వేశాక అడ్డంగా అయిదడుగుల ఎనిమిది, తొమ్మిది అంగుళాలు మిగులుతుందంతే. నాది అలాగే మిగిలింది. అయిదున్నర అడుగుల మనిషి కూడా అడ్డంగా పడుకుంటే తల గోడకీ కాళ్లు గోడకీ తన్నుకుంటాయి. మావాళ్ల మంచం అందుకే నిలువుగా వేశాను.

కొలిచాక వెంటనే రంపం పట్టుకోకండి. ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద సుద్దతో వ్యాన్ లోపలి గీత గియ్యండి. కోడిగుడ్ల అట్టపెట్టెలు, ఇటుకలు, రెండు బల్లలు తెచ్చి మంచం ఆకారం పేర్చండి. ఇంట్లో వాళ్లందర్నీ ఆ గీతలోపల నిలబడమని, గీత దాటకుండా మంచం పరచమని చెప్పండి. సంచులతో సహా. నా రెండో మంచం ఇలా మూడుసార్లు గచ్చు మీద మారింది, చెక్క మీద ఒక్కసారి కూడా మారలేదు.

ఇంక రకాలు. మనందరికీ తెలిసిన వాటితోనే చెప్తాను. నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో సైడ్ లోయర్ బెర్తు మీద పడుకున్నవాళ్లు ఎంతమంది? అందరూ ఎత్తారు. పగలు ఎదురెదురు రెండు సీట్లు, రాత్రికి రెండు వీపులూ దించితే ఒక బెర్తు. నడుం దగ్గర ఏం తగిలిందండి? ఆ అతుకు. రెండు ముక్కలూ ఒకే మట్టంలో ఉండవు, రాత్రంతా నడుముకి ఒక కర్ర అడ్డం పెట్టినట్టు ఉంటుంది. మడిచే మంచం ఏదైనా అతుకు ఉంటుంది, తప్పదు. ఆ అతుకు ఒంట్లో ఎక్కడ తగులుతుంది అన్నది మన చేతుల్లో ఉంది. అడ్డంగా వచ్చే అతుకు తుంటి కిందకి రానివ్వకండి, మోకాళ్ల కిందకి వస్తే అంత తెలియదు. నిలువుగా, ఇద్దరి మధ్య వచ్చే అతుకైతే ఎవరినీ బాధపెట్టదు.

మిడిల్ బెర్తు సంగతి వేరు. గోడకి బందులు, పైనుంచి గొలుసులు, పగలు మడిస్తే వీపు ఆనించే పలక, రాత్రి ఎత్తి తగిలిస్తే మంచం. సన్నటి వ్యాన్‌కి, ఒక్క మనిషికి ఇంతకన్నా మంచి మంచం లేదని నా అభిప్రాయం. నాకు నేను చేసుకున్నది అదే. పరుపూ దుప్పటీ దాని మీదే బెల్టుతో కట్టేసి మడిచేస్తాను, పొద్దున్న పక్క ఎత్తే పని లేదు. ఒక్కటే జాగ్రత్త, బందులు వ్యాన్ రేకుకి కొట్టకూడదు. రేకు వెనక నిలువు కమ్ములు ఉంటాయి, బరువు వాటి మీద పడాలి. కమ్ములు కనబడకపోతే లోపలి అట్ట విప్పి చూడండి, ఊహించి డ్రిల్ పెట్టకండి, కొన్ని కమ్ముల్లోంచి వైర్లు వెళ్తాయి.

ఆ తర్వాత, సీటులా ఉండి ముందుకు లాగితే వీపు వెనక్కి వాలి మంచమయ్యే రకం. రాక్ అండ్ రోల్ బెడ్ అంటారు, యూట్యూబ్‌లో అందరూ చూసేది ఇదే. చూడటానికి చాలా బాగుంటుంది. ఇది ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లతో పేరు తెచ్చుకున్న పద్ధతి. జర్మనీలో వెస్ట్‌ఫాలియా వాళ్లు 1951 నుంచీ ఆ వ్యాన్లని క్యాంపర్లుగా మార్చేవారు. ఆ పాత ఫోక్స్‌వ్యాగన్‌లో ఇంజిన్ వెనక ఉంటుంది, ఇంజిన్ మీద ఎత్తుగా ఒక అరుగు వస్తుంది. మంచంలో మూడోవంతు ఆ అరుగే. సీటూ వీపూ కలిసి మిగతా రెండు వంతులు. మన వ్యాన్లలో వెనక ఇంజిన్ లేదు, ట్రావెలర్‌కి ముందుంది. ఆ రకం ఫ్రేమ్ తెచ్చి మన వ్యాన్‌లో పెడితే వెనక మూడో వంతు గాల్లో ఉంటుంది, అక్కడ మనం మళ్లీ ఒక పెట్టె కట్టుకోవాలి. అది లెక్కలో వేసుకోకుండా ఫ్రేమ్ ఆర్డర్ చేసినవాళ్లకి మంచం నాలుగున్నర అడుగులే వచ్చింది. దీనికి ఇంకో తిప్పలుంది, సీటు ముందుకు రావాలి కాబట్టి ముందు రెండు, రెండున్నర అడుగుల ఖాళీ నేల కావాలి, సంచులు మళ్లీ అక్కడే ఉంటాయి. నా స్నేహితుడు ఒకాయన ఒక వర్క్‌షాపులో ఇలాంటిదే చేయించుకున్నాడు. కత్తెరలా కదిలే కమ్ములకి తొడుగు వెయ్యలేదు వాళ్లు. చిన్నపిల్ల వేలు పడింది. గోరు ఊడి మళ్లీ వచ్చింది, ఎముకకి ఏమీ కాలేదు, అంతవరకు నయం. కదిలే ఇనపకమ్మి ఉన్న ప్రతి మంచానికీ, పిల్లల వేలు దూరే సందు ఎక్కడుందో మీరు చేత్తో తడిమి చూడండి, రేకుతోనో చెక్కతోనో మూసెయ్యండి.

అమ్మానాన్నలకి నేను చివరికి చేసింది దువ్వెన మంచం. పేరు నేను పెట్టుకున్నదే. రెండు దువ్వెనల పళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు ఊహించుకోండి. ఎడమ గోడ వారగా రెండడుగుల వెడల్పు బెంచీ, ఆరడుగుల మూడంగుళాల పొడవు. బెంచీ పైన పలక బదులు సన్న పట్టీలు, ఒకటి విడిచి ఒకటి గోడవైపు చట్రానికి బిగించి ఉంటాయి, మిగతావి ముందువైపు పట్టెకి బిగించి ఉంటాయి. ముందు పట్టె పట్టుకుని లాగితే ఆ పట్టీలన్నీ దాంతో జారుకుంటూ వస్తాయి, రెండడుగుల బెంచీ దాదాపు నాలుగడుగుల మంచం అవుతుంది. ముందు పట్టెకి రెండు కోళ్లు కిందే ఉంటాయి, అవీ దాంతో జరుగుతాయి. పగలు వీపుకి ఆనించిన దిండే రాత్రి రెండో సగం పరుపు. అతుకు ఇద్దరి మధ్య నిలువుగా వస్తుంది. సంచులు బెంచీ కిందే ఉంటాయి, వాటిని ముట్టుకునే పని లేదు. ఎవరూ కిందకి దిగక్కర్లేదు. అమ్మ ఒక్కతే కూర్చున్న చోటు నుంచి లేచి, పక్కకి జరిగి, పట్టె లాగి పరుచుకోగలదు. ఒక నిమిషం పడుతుంది.

దీన్లో మన ప్రాంతానికి ఒక చిక్కు ఉంది, అది జాగ్రత్తగా వినండి. గోదావరి జిల్లాల గాలి తడిగాలి. శ్రావణ భాద్రపదాల్లో ఇంట్లో తలుపులే బిగుసుకుపోతాయి కదా. పట్టీల మధ్య సందు బొటాబొటిగా పెడితే వానాకాలంలో చెక్క ఉబ్బి మంచం సగం వచ్చి ఆగిపోతుంది. నేను మొదట రెండు మిల్లీమీటర్లు వదిలాను, చాల్లేదు. ఇప్పుడు ఒక్కో పక్కా నాలుగు వదులుతున్నాను. మామూలు చెక్క బదులు 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, దాని మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది, అది చూసి కొనండి. 303 ముద్రతో వచ్చేది వేరే రకం, ఇంట్లో బీరువాకి సరిపోతుంది, ఇక్కడికి వద్దు. కోసిన అంచులన్నిటికీ వార్నిష్ రెండు పూతలు వెయ్యండి, నీళ్లు దూరేది అంచుల్లోంచే. ఆరాక జారే పక్కలకి కొవ్వొత్తి రుద్దండి. బీరువా సొరుగు బిగుసుకుంటే మా నాన్నగారు చేసే వైద్యం అదే, అయిదు రూపాయల కొవ్వొత్తి ఏడాది వస్తుంది.

బరువు కూడా చూసుకోవాలి. ఎనిమిది బై నాలుగు అడుగుల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒక్కటే ముప్ఫై కేజీలు దాటుతుంది. గట్టిగా ఉండాలని మూడు షీట్లు వాడేస్తే వంద కేజీలు. కొంతమంది టేకుతో చేయమంటారు, ఇనప యాంగిలర్లతో చేయమంటారు. అక్కర్లేదండి. అంగుళం స్క్వేర్ పైపు చట్రం, పైన ప్లైవుడ్ పట్టీలు, అది చాలు. గట్టిదనం బరువులో ఉండదు, కోళ్లు ఎక్కడ పెట్టాం అన్నదాంట్లో ఉంటుంది. ఎవరైనా మంచం మీద కూర్చునేది ముందు అంచు మీదే, అందరూ ఒకేసారి కూర్చునేదీ అక్కడే, కాబట్టి ముందు పట్టె కిందే బలం కావాలి. పని అయ్యాక పాతిక కేజీల బియ్యం బస్తాలు పది పన్నెండు ఆ అంచు మీద పేర్చి ఒక రాత్రి వదిలెయ్యండి. పొద్దున్న తీసి, పట్టె కింద తాడు లాగి చూస్తే వంగిందో లేదో తెలుస్తుంది. నేను ఎవరి మంచమైనా ఇలా చూడకుండా ఇవ్వను.

ఇక బిగించడం. ఇక్కడ దయచేసి తొందరపడకండి. మంచం కదలకుండా ఉంటే చాలు అనుకుని ప్లైవుడ్ నేలకి నాలుగు స్క్రూలు కొట్టేస్తారు. రోజూ కదలకుండా ఉండటానికి అవి చాలు. మరి బండి దేన్నైనా గుద్దుకుంటే? ఆ క్షణంలో లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకి ఎన్నో రెట్ల బలంతో ముందుకు వస్తుంది. నలభై కేజీల మంచం ఇరవై రెట్లు అయితే ఎనిమిది వందల కేజీలు, దాని ముందు డ్రైవర్ సీట్లో మీరు, పక్క సీట్లో మీ వాళ్లు. స్క్రూలు చెక్కలోంచి ఊడి వచ్చేస్తాయి.

కాబట్టి కంపెనీ వాళ్లు పాత సీట్లు బిగించిన చోట్లు ఉంటాయి చూడండి, వీలైనంతవరకూ వాటినే వాడుకోండి. ఆ చోట్లలో నేల కింద బలం ముందే ఉంటుంది. కొత్త రంధ్రం తప్పకపోతే ముందు వ్యాన్ కిందకి దూరి చూడండి. డీజిల్ ట్యాంకు ఎక్కడ, బ్రేకు పైపులు ఎటు వెళ్తున్నాయి, వైరింగ్ ఎక్కడ, సైలెన్సర్ ఎక్కడ. లోపలి నుంచి గుర్తు పెట్టి, కింద నుంచి చూసి, మళ్లీ లోపల నుంచి చూసి, అప్పుడు డ్రిల్. ఒకరు కింద ఉండి చూస్తుంటే ఇంకా మంచిది. బోల్టు 10 మిల్లీమీటర్లది, తల మీద 8.8 అని అచ్చు ఉండాలి, అచ్చు లేని బోల్టు వద్దు. కింద మూడంగుళాల చదరం ఇనప బిళ్ల, నాలుగైదు మిల్లీమీటర్ల మందం, దానికి వాషర్, లోపల ప్లాస్టిక్ రింగు ఉండే నైలాక్ నట్టు. ఉత్త వాషరే పెడితే గుద్దుకున్నప్పుడు బోల్టు రేకుని చింపుకుని వచ్చేస్తుంది, బిళ్ల ఉంటే ఆ లాగుడు నాలుగు పక్కలా పంచుకుంటుంది. రంధ్రం చుట్టూ ఇనుము బయటపడిన చోట జింక్ ప్రైమర్ పూసి, సీలెంట్ వేసి అప్పుడు బిగించండి. మన దగ్గర ఉప్పుగాలి. సముద్రం పక్కన నాలుగు రాత్రులు ఉంటే పూత లేని ఇనుము ఎర్రబడటం మొదలవుతుంది. బందులు, చీలలు స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

మట్టం చూడటానికి రసమట్టం వ్యాన్ నేల మీద పెట్టి, నేలని బట్టి మంచం సరిచేసుకోండి. బండి ఎప్పుడూ మట్టంగా ఉండదు, ఖాళీగా ఉన్నప్పుడు వెనక లేచి ఉంటుంది, నీళ్లూ సామానూ ఎక్కితే దిగుతుంది. నీళ్ల డబ్బా వంద లీటర్లదైతే వంద కేజీలు. మంచం ఎడమ పక్కన ఉంటే నీళ్లు కుడి పక్కన పెట్టండి. మన దగ్గర కొండలు లేవు కదా అంటారు, కాలవ గట్టు మీద ఆపి చూడండి, ఒక పక్కకి ఎంత వాలుతుందో. పల్లపు వైపు చక్రాల కింద వేసుకోవడానికి రెండు చెక్క దిమ్మలు వ్యాన్‌లో ఉంచుకోండి. తల ఎప్పుడూ మెరక వైపు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. బండి నడుస్తున్నప్పుడు మంచం మీద ఎవరూ పడుకోకూడదు. తిరుపతి వెళ్లేటప్పుడు రాత్రంతా పిల్లల్ని వెనక పడుకోబెట్టి తీసుకెళ్లడం మనకి అలవాటు, నేనూ చిన్నప్పుడు అలాగే వెళ్లాను. వద్దండి. ప్రయాణంలో ప్రతి మనిషికీ ముందుకు చూసే సీటు, దానికి బెల్టు ఉండాలి. బెల్టు పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టం 194బి కింద వెయ్యి రూపాయలు జరిమానా, ఆ వెయ్యి సంగతి పక్కన పెట్టండి, మనిషి ముఖ్యం. వడ్రంగి చేసిన బెంచీకి బెల్టు తగిలిస్తే అది సీటు అయిపోదు. ఇంగ్లండు లాంటి చోట్ల అలాంటి సీట్లని యంత్రంతో లాగి పరీక్షించి అమ్ముతారు, మన షాపుల్లో చేసినదానికి ఆ పరీక్ష లేదు. నా వ్యాన్‌లో వెనక కంపెనీ సీట్లు రెండు అలాగే ఉంచాను, ముందు రెండు ఎలాగూ ఉన్నాయి. నలుగురం వెళ్లగలం, నలుగురికన్నా ఎక్కువ వెళ్లం.

కాగితాల విషయం కూడా ఇక్కడే. అదే చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సీట్ల సంఖ్య తగ్గించాలన్నా ముందు రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లి, ఏం చేయబోతున్నారో రాసి ఇచ్చి, అనుమతి తీసుకుని, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. ఇన్సూరెన్సు వాళ్లకీ చెప్పండి. తర్వాత చూద్దాంలే అంటే, అవసరం పడిన రోజున క్లెయిం రాదు.

పరుపు గురించి మన కోనసీమలో మాట్లాడకపోతే ఎలా! రబ్బరైజ్డ్ కాయర్ పరుపు, అంటే రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు పరుపు, మనకి ఇంటి సరుకు. పీచు మధ్యలోంచి గాలి ఆడుతుంది, వేడి పట్టదు, ఇది పెద్ద లాభం. కానీ అది మడవడానికి ఒప్పుకోదు, ముక్కలుగానే కోయించుకోవాలి, దువ్వెన మంచానికి ఎలాగూ రెండు ముక్కలే కాబట్టి సరిపోతుంది. ఉత్త కాయర్ ముసలివాళ్ల తుంటికి గట్టిగా తగులుతుంది. నేను కింద రెండంగుళాల కాయర్, పైన రెండంగుళాల ఫోమ్ వేశాను, ఫోమ్ 40 డెన్సిటీది. షాపులో మెత్తగా ఉందని తక్కువ డెన్సిటీది ఇస్తారు, ఆరు నెలలకి మధ్యలో గుంట పడి కింద పట్టీలు వీపుకి తగులుతాయి. మెమరీ ఫోమ్ మన ఉక్కకి వద్దని నేను చెప్తాను. బూరుగు దూది దిళ్లు ఉంటే వాడుకోండి, పరుపుగా మాత్రం అది తొందరగా అణిగిపోతుంది.

పరుపు కింద గాలి ఆడకపోతే ఏ పరుపైనా పాడే. ఇద్దరు మనుషులు రాత్రంతా ఊపిరిలోనూ చెమటలోనూ వదిలే తేమ తక్కువేమీ కాదు, మూసిన వ్యాన్‌లో అదంతా ఎక్కడికి పోతుంది? చల్లటి రేకుకి పట్టి నీళ్లవుతుంది, పరుపు అడుగున చేరుతుంది. మొదటి మంచానికి నేను మొత్తం పలక వేశాను, నెల తర్వాత పరుపు ఎత్తి చూస్తే అడుగున నల్లటి బూజు. పట్టీల మంచానికి ఆ బాధ లేదు. పలకే వెయ్యాల్సి వస్తే ఆరంగుళాలకి ఒకటి చొప్పున అంగుళం రంధ్రాలు వెయ్యండి. గోడకి పరుపు ఆనకుండా ఒక అంగుళం వదలండి. పొద్దున్నే పరుపు నిలబెట్టి, కాఫీ తాగే సేపు తలుపులు తెరిచిపెట్టండి. రెండు కిటికీలకి దోమ మెష్ వేయించండి. చేపల చెరువుల పక్కన మెష్ లేకుండా కిటికీ తెరవలేం, తెరవకపోతే గాలి లేదు. మంచం చేసేటప్పుడే పైన నాలుగు మూలలా దోమతెర కొక్కేలు బిగించేయండి.

ప్రశ్నలు అడగండి ఇంక.

మీరు చెప్పండమ్మా. ఆయ్, మారుతి ఈకో వ్యాన్. ఈకోలో అవుతుందా అని అడుగుతున్నారు, అందరికీ పనికొచ్చే ప్రశ్న. ఈకో బయటి వెడల్పే 1475 మిల్లీమీటర్లు, అయిదడుగులు కూడా లేదు. అడ్డంగా పెద్దవాళ్లెవరూ పడుకోలేరు. నిలువుగానే వెయ్యాలి, ముందు సీట్లు ముందుకు జరిపి, వెనక నుంచి మూడు మడతల పలక. మీ ఇద్దరికే అయితే అవుతుంది. కానీ దాంట్లో కూర్చుని పరచలేరు, వెనక తలుపు ఎత్తి బయట నిలబడి పరవాల్సిందే. ఆ తలుపుకి ఒక టార్పాలిన్ గొడుగులా కట్టుకునే ఏర్పాటు ముందు చేసుకోండి, మంచం తర్వాత చేయించుకోండి.

తమ్ముడు ఏదో అంటున్నాడు, గట్టిగా చెప్పు. గ్యాస్ షాకులు, అంటే కారు డిక్కీ తలుపుని పైకి తోసే గొట్టాలు, అవి పెడితే తేలిగ్గా లేస్తుంది కదా అని. లేస్తుంది. బెంచీ మూత ఎత్తడానికి బాగుంటాయి. వాటి మీద న్యూటన్లలో రాసి ఉంటుంది, వంద న్యూటన్లంటే సుమారు పది కేజీల తోపుడు. పరుపుతో కలిపి బరువు తూచి కొను. ఎక్కువ బలం ఉన్నవి పెడితే పరుపు తీసిన రోజున మూత దానంతట అదే ఎగిరి మొహానికి తగులుతుంది. గడియ తప్పకుండా పెట్టు.

పెద్దాయన గారు అడిగిన మాట నాకు చాలా నచ్చింది. ఇంట్లో నవారు మడత మంచం ఉంది, అదే తీసుకెళ్లి వేసుకుంటే పోలేదా అని. ఒక్క మనిషికి, వారం రోజులకి, నేలకి తాళ్లతో గట్టిగా కట్టుకుంటే బంగారంలా పోతుంది బాబాయ్ గారూ. గాలి ఆడటంలో నవారుని మించింది లేదు. ఇద్దరు పడుకుంటే మధ్యలోకి దొర్లిపోతారు, కింద ఉన్న అడ్డకమ్మి నడుముకి తగులుతుంది. ముందు అలా రెండు ప్రయాణాలు చేసి, మీకు ఏం కావాలో తెలిశాక నా దగ్గరకి రండి, అప్పుడు కొలుద్దాం.

బయట వేపచెట్టు కింద నా వ్యాన్ ఉంది, తలుపు తీసే ఉంది. చెప్పులు కింద వదిలి నలుగురు నలుగురు చొప్పున ఎక్కండి. అమ్మ లోపలే కూర్చుంది, సంచులు అన్నీ బెంచీ కింద ఉన్నాయి, నేనేమీ తియ్యలేదు. మీరే పట్టె లాగి పరిచి, మళ్లీ మీరే మడవండి. ఎక్కడైనా చెయ్యి పట్టినా, బిగుసుకున్నా నాకు చెప్పండి, సాయంత్రం కొవ్వొత్తి రుద్దుతాను.